శనివారం ఫోటో

ఎనిమిదైంది. తొమ్మిదికి వస్తుందట మహాదేవమ్మ, చిన్నకూతురిని ఒకటో తరగతిలో చేర్చడానికి. అంటే ఇంకా గంట ఉంది, గంటలో ఒక ఫ్లెక్సీ దించలేనా నేను, ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఎన్ని కట్టించలేదు, ఎన్ని దింపించలేదు, నాలుగు మూలలు, నాలుగు ముడులు, అంతేకదా అనుకుంటూ వేపచెట్టు కింద కుర్చీలో కూర్చునే ఉన్నాను, లేవడం లేదు. ఎదురుగా వరండా స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీ గాలికి పొట్ట నింపుకుంటోంది, వదులుతోంది. జూన్ గాలి, ఆదోని కొండల దగ్గర్నుంచి ఇక్కడిదాకా దానికి అడ్డేమీ లేదు. అది నిండినప్పుడల్లా అందులోని పిల్ల ఊపిరి పీల్చినట్టు ముందుకొస్తుంది. 'మా బడికి రండి, మీకు స్వాగతం' అని ఎర్రటి అక్షరాలు, వాటి కింద ఏడుగురు పిల్లలు, మధ్యలో అందరికంటే పెద్దగా ఉరుకుందమ్మ. మహాదేవమ్మ పెద్దకూతురు. మూడో తరగతి. మొన్న ఫిబ్రవరిలో చనిపోయింది. చనిపోయిన పిల్ల వరండాలో నిలబడి ఊరందరినీ బడికి రమ్మని పిలుస్తోంది, ఇంకో గంటలో వాళ్లమ్మ గేట్లో అడుగుపెడితే ఎదురుగా కనపడేది అదే, ఈ బడికి ఇంకో గేటు లేదు.

నాగరాజ్‌ది తప్పు కాదు. ఆదోనిలో ఫ్లెక్సీలు వేసే మనిషికి మా ఊరి పిల్లల్లో ఎవరున్నారో, ఎవరు పోయారో ఏం తెలుసు. పిల్లల ఫోటోలు పంపండి మేడమ్ అన్నాడు. పంపాలంటే ఫోన్లో బడి ఆల్బం తెరవాలి. ఫిబ్రవరి నుంచి నేను ఆ ఆల్బం తెరవలేదు, దానిమీద వేలు పెట్టబోయి వెనక్కి తీసుకుంటాను. అందుకని తెరవకుండానే ఆల్బం మొత్తం అతనికి పంపేసి, నీకు నచ్చినవి నువ్వే ఏరుకోప్పా అన్నాను. ఏరుకున్నాడు. వందల ఫోటోల్లో అన్నిటికంటే బాగా నవ్వే పిల్లను ఏరుకున్నాడు, ఎవరైనా అదే ఏరుకుంటారు. వేసే ముందు చూడమని నిన్న మధ్యాహ్నం నాకు పంపాడు కూడా. కొత్త బ్యాగులు దించుకునే హడావిడిలో పైవరస అక్షరాలు చూసి, తప్పులేమీ లేవు, వేసేయ్ అన్నాను. టీచరు బుద్ధి, అక్షరాలు దిద్దడమే గాని కింద మొహాలు ఎవరివో చూడాలని తోచలేదు. చూడలేక దాచుకున్నదాన్ని నేనే ఆరడుగుల ఎత్తున వేయించుకున్నాను.

పొద్దున నేను బస్సు దిగి వచ్చేసరికే దాసన్న కట్టేశాడు. బడి కమిటీ చైర్మన్ ఆయన, ఉత్సాహం ఎక్కువ. గాలి పోవడానికి బ్లేడుతో అక్కడక్కడా అరచందమామల్లా కోతలు కూడా పెట్టాడు, ఒక కోత ఉరుకుందమ్మ మోచేతి పక్కన పడింది. "ఏం దాసన్నా, చూళ్లేదా నువ్వు, ఎవరుండారో అందులో?" అన్నాను, నా గొంతు నాకే కీచుగా వినపడింది. "చూస్తి మేడమ్. మన ఉరుకుంది గదా. మీరే పెట్టిచ్చినారనుకొంటి. మంచిపని చేసినారని మా ఇంటిదానితో గూడా అంటి, పాపం, కండ్లనీళ్లు పెట్టుకొనె" అన్నాడు. జ్ఞాపకంగా నేనే పెట్టించాననుకున్నాడు, నాకంత మంచితనం ఉందనుకున్నాడు. కాదు దాసన్నా అనాలి. అనలేదు. నోరు తెరిస్తే ఆ ఒక్కమాటతో ఆగదని భయం. నా మౌనాన్ని దుఃఖం అనుకుని, మహాదేవమ్మ గూడా చిన్నదాన్ని తోలుకొని తొమ్మిదికి వస్తాదంట మేడమ్ అని చెప్పి, పూలు తేవడానికి వెళ్లాడు.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. రిజిస్టరులో ఉరుకుందమ్మ, ఊళ్లో ఉరుకుంది. చెల్లెలు పుట్టేసరికి ఇంట్లోకి టీవీ వచ్చింది కాబట్టి చెల్లెలు శివాని. "నాకు దేవుని పేరు మేడమ్, దానికి టీవీ పేరు" అని ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఉరుకుందే. ఏదైనా చెప్పకుండా ఉండలేని పిల్ల. వాళ్లమ్మానాన్న గుంటూరు వైపు కూలికి పోయాక, అవ్వకు ఫోన్ లేదని, వారానికి ఒకసారో రెండుసార్లో నా ఫోన్లోనే వాళ్లమ్మతో మాట్లాడించేదాన్ని. ఫోన్ అందుకోగానే చెప్పేది పాఠం కాదు, తిండి. ఈ దినం గుడ్డు మా, ఈ దినం పొంగలి మా, రేపేమిస్తారో తెలుసునా అని, ఏ దినం ఏమిస్తారో వారం మొత్తం వరసగా ఒప్పజెప్పేది. పాఠం సంగతి చెప్పవే తిండిపోతుదానా అని నేను పక్కన నవ్వేదాన్ని. నవ్వులు ఎక్కడికి పోతాయో, ఇంత చిన్న బడి ఆవరణలోంచి.

నవంబరులో ఈ ఊరు సగం ఖాళీ అవుతుంది. గుంటూరు మిరపచేలకు కూలికి, ఇక్కడి మాటలో సుగ్గికి, పోతారు, ట్రాలీల్లో చట్లతో చాపలతో పిల్లలతో సహా, ఉగాది దాటాక గాని రారు. వచ్చేసరికి ఆ పిల్లలకు నేను నేర్పిన అక్షరాలు ఒక్కటీ మిగలవు. అందుకని ఇల్లిల్లూ తిరిగాను, మీరు పోండి, పిల్లలను అవ్వల దగ్గర వదిలిపెట్టండి, నేనుండాను కదా అని. మహాదేవమ్మ ఇంటికి మూడుసార్లు వెళ్లాను. ఆమె మొగుడు ఈరప్ప మొదటిరోజే సరే అన్నాడు, ఆమె అనలేదు. చిన్నదానికి ఇంకా బడి లేదు, ఎట్లాగూ వాళ్లతోనే పోతుంది, పెద్దదాని సంగతే. మూడోసారి నేను వెళ్లేసరికి జొన్నరొట్టె తడుతోంది, తలెత్తకుండానే, "కంటికి కనపడకపోతే నాకు పనిలో చెయ్యాడదు మేడమ్" అంది. అప్పుడు తట్టింది నాకు ఆ ఉపాయం. ప్రతి శనివారం ఫోటో పంపుతా మహాదేవమ్మా, నీకు చదవను రాదు కాబట్టి వాయిసు గూడా పెడతా, నీ బిడ్డ నీ చేతిలోనే ఉంటాది అన్నాను. ఆమె రొట్టెను పెనం మీద వేసి, చేతుల పిండి దులుపుకుని, అప్పుడు నా మొహం చూసింది. "మాట తప్పవు కదా?" అంది. తప్పనన్నాను. ఆ ఏడు పదకొండు మంది పిల్లలు ఊళ్లోనే ఉండిపోయారు. శనివారం ఫోటో అని మండలంలో పేరొచ్చింది, మీటింగులో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. జీవితా మేడమ్‌ను చూసి నేర్చుకోండి అన్నారు. చాలా సంతోషపడ్డాను, లేదని ఎందుకు చెప్పాలి.

ఫిబ్రవరిలో ఆ శనివారం నేను బడిలో లేను. కర్నూలులో మేము కట్టుకున్న కొత్త ఇంటికి ప్రతిష్ఠ ప్రార్థన. సెలవు పెట్టి ముందురోజే వెళ్లిపోయాను. పాస్టరుగారు వచ్చారు, సంఘంవాళ్లు వచ్చారు, మా ఆయన ఏసుకుమార్ కొత్త చొక్కాలో చెమటలు కక్కుతూ కుర్చీలు సర్దుతున్నాడు, పెరట్లో బిర్యానీ గుండిగ మూత మీద నిప్పులు పోస్తున్నారు, అప్పుడు గుర్తొచ్చింది ఫోటోల సంగతి. పదకొండు ఇళ్లవాళ్లు ఎదురుచూస్తుంటారు. క్రాంతి కుమార్ సార్‌కు ఫోన్ చేసి తీసి పంపమంటే పోయేది, మా రెండో టీచరు, మంచివాడే, పంపేవాడే. కానీ ఆయన ఎత్తి, పిల్లలను నిలబెట్టి, తీసి పంపేసరికి ప్రార్థన మొదలవుతుంది. ఫోన్లో బుధవారం నేను తీసినవి ఉన్నాయి. అవే పంపాను పదకొండు మందికీ. మూడు రోజుల్లో పిల్లల మొహాలు ఏం మారతాయి అనుకున్నాను, అనుకున్నట్టు కూడా గుర్తులేదు, అంత తేలిగ్గా చేశాను. ఒక్కొక్కరికీ వాయిసు కూడా పెట్టాను. మహాదేవమ్మా, నీ బిడ్డ ఈ దినం బాగుండాది, బాగా తినె, నవ్వుతాండాది చూడు. అంతే. నేను అది చెబుతుండగానే ఇంట్లోంచి మా అమ్మాయి జెస్సీ, మమ్మీ రా, ప్రార్థన మొదలుపెడుతున్నారు అని కేకేసింది. ఆ కేక కూడా వాయిసు చివర్లో ఉంది. ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో అది.

శుక్రవారం సాయంత్రమే పిల్లకు జ్వరం వచ్చింది. శనివారం క్రాంతి కుమార్ సార్ హాజరు పిలిచి ఆబ్సెంట్ వేశాడు, ఆయన నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అవ్వ అంగట్లో మాత్ర తెచ్చి మింగించింది, దర్గాలో దారం కట్టించింది, పాపం ఆమెకు తెలిసింది ఆమె చేసింది. ఆదివారం నేను చర్చిలో పాటలు పాడి, మిగిలిన బిర్యానీ చుట్టుపక్కల ఇళ్లకు పంచాను. సోమవారం తరగతిలో ఖాళీగా ఉన్న చోటు చూసి ఇంటికి పరుగెత్తితే పిల్ల చాపమీద కాలిపోతోంది. విషజ్వరమన్నారు, తలకెక్కిందన్నారు, ఆదోనిలో చూసి వెంటనే కర్నూలుకు తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో దాని చెయ్యి నా చేతిలో ఉంది. గోనెగండ్ల దగ్గర ఒకసారి, కళ్లు తెరవకుండానే, "ఈ దినం ఏం వారం మేడమ్?" అని అడిగింది. సోమవారం తల్లీ అన్నాను. "అయితే చిక్కీ" అంది. కోడుమూరు రాకముందే పోయింది.

మూడోరోజు వాళ్లింటికి వెళ్లాను. గుంటూరు నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన మహాదేవమ్మ, వేళ్ల సందుల్లో ఇంకా మిరపకాయ ఎరుపు పోలేదు, ఫోన్ పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది. "శనివారం ఫోటో ఇది. శనివారం గూడా బాగుండె నా బిడ్డ. మేడమ్ పంపె" అంటోంది. నా గొంతు వినిపిస్తోంది. నీ బిడ్డ ఈ దినం బాగుండాది. చివర్లో జెస్సీ కేక. మళ్లీ మొదటినుంచి. వాకిట్లో కూర్చున్నవాళ్లంతా నా వైపు చూశారు, ఎంత మంచి మేడమ్ అన్నట్టు. అక్కడ చెప్పాలి. ఇది బుధవారం ఫోటో మహాదేవమ్మా, శనివారం నీ బిడ్డను నేను చూడలేదు, చూసుంటే నీకు చెప్పేదాన్ని, నువ్వు ఆ రాత్రికే బస్సెక్కేదానివి, ఆదివారానికి పిల్ల ఆసుపత్రిలో ఉండేది. చెప్పలేదు. కాఫీ ఇస్తే తాగి వచ్చాను. దేవుణ్ణి క్షమించమని అడిగాను, ప్రతిరోజూ అడుగుతున్నాను, ఆయన క్షమించే ఉంటాడు, ఆయన మిరపచేలో కూలికి పోలేదు కదా, శనివారం కోసం ఎదురుచూడలేదు కదా. అడగాల్సింది ఎవరినో నాకు తెలుసు. ఆమె ఇంకో ముప్పావుగంటలో వస్తుంది.

గిన్నెలో గంధం కలిపాను. పిల్లలకు గంధం పెట్టి గులాబీ ఇచ్చి లోపలికి పిలవాలి, పెద్దవాళ్లకు నమస్కారం పెట్టి కుర్చీ చూపించాలి. ఇద్దరు ముగ్గురు తల్లులు వచ్చారు, ఏడుస్తున్న పిల్లలను ఈడ్చుకుంటూ, నా చేతులు వాటంతటవే గంధం పెడుతున్నాయి, నోరు దానంతటదే రామ్మా రామ్మా, ఏం పేరు నాయనా అంటోంది. చర్చి పక్కింటి లేవి తన కొడుకును భుజాన మోసుకొచ్చి, ఫ్లెక్సీ చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఫ్లెక్సీలో ఉరుకుంది చూపు నా మీద నుంచి కదలదు, నేను ఏ పక్కకు జరిగితే ఆ పక్కకు వస్తుంది. దాని మొహం చూడలేక కింద చెయ్యి చూశాను. అప్పటిదాకా నేను చెయ్యి చూడలేదు. ఆ బుధవారం తీసిన ఫోటోనే ఇది, ఫోన్లో గోరంత కనపడేది ఇప్పుడు అరచెయ్యంత ఉంది. చిక్కీ. సగం కొరికిన చిక్కీ, పల్లీలు లెక్కపెట్టుకోవచ్చు. ఫ్లెక్సీ పక్కనే గోడమీద, మూడేళ్ల కిందట నేనే నిలబడి రాయించిన మధ్యాహ్న భోజనం పట్టిక. సోమ, బుధ, శుక్ర, చిక్కీ. మంగళ, గురు, శని, రాగిజావ. ఈ బడిలో శనివారం చిక్కీ ఎప్పుడూ ఇవ్వలేదు. నా అబద్ధం గోడకు పక్కపక్కన అతికించి ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. వెంటనే, మహాదేవమ్మకు చదవను రాదు కదా అని గుర్తొచ్చింది, ప్రాణం కుదుటపడింది. ఇరవై ఆరేళ్లుగా అక్షరాలు నేర్పుతున్న మనిషిని, ఒక తల్లికి చదువు రానందుకు సంతోషించాను. నామీద నాకే అసహ్యం వేసి లేచాను.

వంటగదిలోంచి కూరగాయల కత్తి తెచ్చాను. కుర్చీ స్తంభం దగ్గరికి లాగి ఎక్కాను. దాసన్న కట్టింది తాడు కాదు, ఇనుపతీగ, మూడు మెలికలు తిప్పాడు, కత్తికి తెగదు. తీగ తెగకపోతే గుడ్డే కోస్తాను, మూల కోస్తే చాలు పడిపోతుంది. ఆమె చూసి తట్టుకోలేదని దించుతున్నాను, అంతే, ఆమె కోసమే, నా కోసం కాదు. గాలికి ఫ్లెక్సీ నా ఒంటిమీదకు వచ్చింది, ఆ పిల్ల మొహం నా భుజానికి తగిలింది, ఎండకు అప్పుడే వేడెక్కి ఉంది, ఆ సోమవారం ఉన్నట్టే ఉంది. నా చెయ్యి ఆగిపోయింది.

"దించాకు మేడమ్."

మహాదేవమ్మ. ఇంకా తొమ్మిది కాలేదు. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు నిలబడిందో తెలియదు. చిక్కిపోయింది, కొత్త చీర కట్టుకుంది. చేతిని పట్టుకుని శివాని, నూనె రాసి రెండు జడలు, అక్కలాగే ఒక పక్కకు తల వంచి పైకి చూస్తోంది. "మా, అక్క" అంది. "చిక్కీ తింటాండాది. నాకు గూడా ఇస్తారా?"

"ఈ దినం గురువారం" అంది మహాదేవమ్మ, గోడవైపు చూడకుండానే. "ఈ దినం జావ. చిక్కీ రేపు."

కత్తి నా చేతిలోనే ఉంది. కుర్చీ ఎలా దిగానో గుర్తులేదు. ఏ దినం ఏమిస్తారో వారం మొత్తం వరసగా ఒప్పజెప్పేది ఆ పిల్ల, వాళ్లమ్మకు, నా ఫోన్లో, నేను పక్కన నిలబడి నవ్వుతుండగా. "మహాదేవమ్మా, ఆ ఫోటో..." అన్నాను.

"తెలుసు." పిల్లను కొంచెం అవతలికి జరిపి, గొంతు తగ్గించింది. "ఆ పొద్దే తెలుసు నాకు. శనివారం చిక్కీ యాడిది? మీ పాప మమ్మీ అని పిలిచేది గూడా వింటి. మేడమ్ ఇంటికాడుండాది, పాతది పంపింది అనుకొంటి. బిడ్డకేమన్నా ఆయనేమో అనిపిచ్చె. ఫోన్ చేద్దామని నంబరు తీస్తి మేడమ్. చేను ఇంగా సగం ఉండె. చేసి ఏమన్నా వింటే అంతా ఇడిసిపెట్టి పోవాల్సొస్తాది, సోమవారం చేద్దాంలే అని ఫోన్ సంచిలో పెట్టేస్తి." ఫ్లెక్సీ నిండింది, వదిలింది. "ఎవురికీ చెప్పలేదు. మా ఆయప్పకు గూడా చెప్పలేదు."

నేను ఏడుస్తున్నాను. తప్పు నాది మహాదేవమ్మా, ఈ దినం అందరి ముందర చెప్తాను అన్నాను.

"చెప్పాకు." నా మణికట్టు పట్టుకుంది, కత్తి ఉన్న చేతిని. "శనివారం గూడా అది బాగుండె అని అందరికీ చెప్తాండా. రేత్రి అదే అనుకొని పండుకుంటాండా. నువ్వు నిజం చెప్తివంటే, తెలిసీ రాలేదని నేను గూడా చెప్పాల్సొస్తాది. నేను యాడ బతకల్ల? నువ్వు గూడా శనివారమనే చెప్పు." తర్వాత నా చేతిలోంచి కత్తి తీసి వరండా గట్టుమీద పెట్టి, శివాని చేతిని తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆడ నిలబడి అదే పిలుస్తాంటే నేను రాకుండా ఎట్లుంటా. కానీ ఈసారి సుగ్గికి ఇది నాతోనే వస్తాది. నువ్వు ఇంటికి రావాకు." రానన్నాను. ఆ మాట అనడం ఈ ఉద్యోగంలో ఇదే మొదటిసారి.

దాసన్న పూలబుట్టతో వచ్చాడు. తల్లులంతా చుట్టూ చేరారు, మహాదేవమ్మను చూసి కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను శివాని గడ్డం పట్టుకుని నుదుటిన గంధం పెట్టాను. చిన్న చెయ్యి, చల్లగా ఉంది. అది గులాబీ తీసుకోలేదు, ఫ్లెక్సీనే చూస్తోంది. "ఈ ఫోటో మా అమ్మ ఫోన్లో ఉండాది" అంది, అందరికీ వినపడేట్టు. "శనివారంది. కదా మేడమ్?"

అందరూ నా వైపు తిరిగారు. మహాదేవమ్మ కూడా.

"శనివారందే పాపా" అన్నాను. "ఆ దినం మీ అక్క బాగుండె. బాగా తినె."